క్లబ్ రంగు మార్చాలంటే ఏది మేలు: కోచ్ మాటా, ఓనర్ మాటా?

ఫుట్‌బాల్ క్లబ్‌కి జెర్సీ రంగు పుట్టుకతోనే వస్తుందనుకుంటాం. కానీ చాలా క్లబ్బులు మొదట్లో వేసుకున్నది వేరు, ఇప్పుడు వేసుకుంటున్నది వేరు. 1892లో మొదలైన లివర్‌పూల్ నీలం-తెలుపులో ఆడేది, ఎరుపు 1896లో వచ్చింది. ఇటలీ క్లబ్ యువెంటస్‌ది మొదట్లో గులాబీ రంగు. ఉతికిన కొద్దీ అది వెలిసిపోతుంటే 1903లో ఇంగ్లండ్ నుంచి కొత్త చొక్కాలు తెప్పించుకున్నారు. వచ్చినవేమో అక్కడి నాట్స్ కౌంటీ క్లబ్ వేసుకునే నలుపు-తెలుపు చారలవి. అవే ఖాయమైపోయాయి. కాబట్టి రంగు మార్చడమే తప్పంటే ఒప్పుకోను. ఎవరు మార్చారు, ఎంత మార్చారు అన్నదే నా లెక్క.

ముందు కోచ్‌ల సంగతి. 1961లో లీడ్స్ యునైటెడ్ మేనేజర్ (అంటే కోచ్) అయిన డాన్ రెవీ రియల్ మాడ్రిడ్‌ని చూసి, క్లబ్ నీలం, బంగారు రంగులు తీసేసి మొత్తం తెలుపు చేశాడు. అప్పటికి లీడ్స్ రెండో డివిజన్‌లో ఉంది. పాత రంగుల్లో ఒక్కసారి కూడా ఇంగ్లండ్ చాంపియన్ కాలేదు గనక, పోయేదీ పెద్దగా లేదు. 1969లో లీగ్ గెలిచేసరికి లీడ్స్ అంటే తెలుపే.

లివర్‌పూల్ కోచ్ బిల్ షాంక్లీ ఇంకా తెలివిగా వెళ్లాడు. ఎర్ర చొక్కా జోలికి పోకుండా కింద తెల్ల షార్ట్స్ మాత్రం మార్చాడు. ముందుగా ఎర్ర షార్ట్స్ కెప్టెన్ రాన్ యేట్స్‌కి వేయించి చూశాడు. అసలే ఆజానుబాహువు, వాటిలో ఇంకా భారీగా కనిపించాడట. అలాగైతే సాక్సులు కూడా ఎరుపు చేసేద్దామన్నది ఆటగాడు ఇయాన్ సెయింట్ జాన్. 1964 నవంబర్‌లో బెల్జియం క్లబ్ ఆండర్‌లెక్ట్ మీద ఎర్ర షార్ట్స్‌తో దిగి 3-0తో గెలిచారు. వేసుకుని ఆడేవాళ్లనే పక్కన పెట్టుకుని చేసిన మార్పు ఇది.

ఓనర్ల కథ వేరు. వేల్స్‌లోని కార్డిఫ్ సిటీ నూరేళ్లకు పైగా నీలం క్లబ్, ముద్దుపేరే బ్లూబర్డ్స్. 2012లో మలేషియా వ్యాపారి విన్సెంట్ టాన్ దాన్ని ఎరుపు చేశాడు. బ్యాడ్జి మీద డ్రాగన్‌ని పెద్దది చేసి, నీలి పిట్టను కింద ఓ మూలకి నెట్టేశారు. విదేశీ మార్కెట్లలో ఎరుపు బాగా పోతుందని లెక్క. విశేషమేమిటంటే, ఆ ఎరుపులోనే 2013లో ప్రీమియర్ లీగ్‌కి వెళ్లింది, 1962 తర్వాత మొదటిసారి టాప్ డివిజన్! గెలిస్తే ఫ్యాన్స్ అన్నీ మర్చిపోతారంటారు గానీ, వీళ్లు మర్చిపోలేదు. 2015 జనవరిలో మళ్లీ నీలం తెచ్చుకున్నారు.

ఆస్ట్రియాలో మాత్రం ఓనర్ వెనక్కి తగ్గలేదు. 2005లో ఎనర్జీ డ్రింక్ కంపెనీ రెడ్ బుల్, సాల్జ్‌బర్గ్ ఊరి క్లబ్‌ను కొని, ఊదా-తెలుపు తీసేసి ఎరుపు-తెలుపు పెట్టింది. మనసు విరిగిన ఫ్యాన్స్ కొందరు ఊదా రంగుతో సొంత క్లబ్ పెట్టుకుని అట్టడుగు డివిజన్ నుంచి మొదలెట్టారు. అటు ఎరుపు సాల్జ్‌బర్గ్ 2014 నుంచి 2023 దాకా వరుసగా 10 లీగ్ టైటిళ్లు కొట్టింది. ట్రోఫీలే కొలమానమైతే ఓనర్‌దే పైచేయి అనక తప్పదు. ఊరికి ఒక క్లబ్ పోయి రెండు మిగిలాయి, అది వేరే సంగతి.

నన్నడిగితే రెండింట్లో కోచ్ మార్పే మేలు, అదీ షాంక్లీ పద్ధతిలో కొంచెంగా. 1933లో ఆర్సెనల్ ఎర్ర చొక్కాకి ఆ క్లబ్ కోచ్ హెర్బర్ట్ చాప్‌మన్ తెల్ల చేతులు పెట్టించింది కూడా ఈ కోవలోదే. అంతకు మించి ప్రయోగాలు చేయాలని చెయ్యి దురద పెడితే, బయటి ఊళ్లో ఆడేటప్పుడు వేసుకునే ‘అవే’ (away) కిట్ ఉండనే ఉంది. యువెంటస్ తన పాత గులాబీని అలాగే బయటికి తీస్తుంటుంది.

ఈ ‘అవే’ కిట్‌లోనూ దెబ్బ తినొచ్చు. 1996 ఏప్రిల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ బూడిద రంగు కిట్‌తో సౌతాంప్టన్‌లో దిగి, హాఫ్ టైమ్‌కే 3-0తో వెనకబడింది. వెనకున్న జనంలో తోటి ఆటగాళ్లు కలిసిపోయి కనిపించడం లేదని, కోచ్ ఫెర్గూసన్ అప్పటికప్పుడు నీలం-తెలుపు వేయించాడు. మ్యాచ్ 3-1తో పోయింది. అయినా దిద్దుబాటు ఒక్క ఇంటర్వెల్‌లో అయిపోయింది. అదే పని హోమ్ రంగు విషయంలో చేయడానికి కార్డిఫ్‌కి రెండున్నరేళ్లు పట్టింది.