వెండి మట్టా, వెండి తీగా?

హన్మకొండలో ఇంట్లోనే కమ్మలు, లాకెట్లు చేద్దామనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: మెటల్ క్లే కొనాలా, కరీంనగర్ ఫిలిగ్రీ, అంటే సన్నటి వెండి తీగతో నగలు అల్లే పని, నేర్చుకోవాలా?

మెటల్ క్లే అంటే మెత్తటి వెండి పొడిలో జిగురు పదార్థం, నీళ్లు కలిపిన ముద్ద. జపాన్‌లో పుట్టింది. చపాతీ పిండిలా ఒత్తుకోవచ్చు. మొన్న పెరట్లోని వేపాకును దాని మీద అద్దితే ఈనెలతో సహా అచ్చు పడింది, ఎంత సంబరమనిపించిందో! బాగా ఆరబెట్టి కాలిస్తే జిగురు మాడిపోయి వెండి మిగులుతుంది. చిన్న ముక్కకైతే గ్యాస్ టార్చ్ చాలు. తడి ఉండగానే కాలిస్తే మాత్రం పగులుతుంది, నా మొదటి కమ్మ అలాగే పోయింది. చాలా రకాలు కాలాక సుమారు పదో వంతు కుంచించుకుపోతాయి కాబట్టి కొలత ముందే పెంచుకోవాలి. ఖరీదూ ఎక్కువే.

ఫిలిగ్రీ దారి వేరు. వెండిని కమ్మచ్చులోంచి, అంటే రంధ్రాలున్న లోహపు పలకలోంచి, లాగి లాగి సన్నటి తీగ చేస్తారు. రెండు తీగలు మెలిపెట్టి, చదును చేసి, పట్కారుతో చుట్టలు చుట్టి, చట్రంలో ఇమిడ్చి, అతుకు పట్టడానికి వెలిగారం (బోరాక్స్), టంకం పొడి వేసి మంట చూపిస్తారు. ఒక్క క్షణం ఎక్కువైతే తీగే కరిగిపోతుంది. కరీంనగర్ ఫిలిగ్రీకి 2007లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. చేయి తిరగడానికి ఏళ్లు పడుతుంది, కానీ చెడిన తీగను కరిగించి మళ్లీ లాగొచ్చు.

సెలవుల్లో పిల్లలతో ఒక లాకెట్ చేయాలంటే క్లే తెచ్చుకోండి. రోజూ దెబ్బలు తగిలే ఉంగరానికి అది వద్దు, లోపల సన్నటి రంధ్రాలుంటాయి. జీవనోపాధిగా నేర్చుకుంటానంటే మాత్రం, కరీంనగర్ వెళ్లి ఒక పనివారి పక్కన కూర్చోమంటాను.