గన్నవరంలో ఎక్కడమా, శంషాబాద్ వెళ్ళడమా: లగేజీ లెక్కలో ఏది మేలు?

ఆవకాయ జాడీలు నిండే వేసవి వచ్చిందంటే గుంటూరు, విజయవాడల్లో అమెరికా ప్రయాణాల హడావిడి కూడా మొదలవుతుంది. పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు, వారికి టికెట్లు తీసే పిల్లలు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటుంది. గన్నవరంలోనే విమానం ఎక్కడం మంచిదా, కారు మాట్లాడుకుని శంషాబాద్ వెళ్ళి అక్కడ ఎక్కడం మంచిదా అన్నదే ఆ ప్రశ్న. అడిగేవారు టికెట్ ధర చూస్తారు, ప్రయాణానికి పట్టే గంటలు చూస్తారు, పెద్దవారి మోకాళ్ళ నొప్పుల గురించి ఆలోచిస్తారు. లగేజీ సంగతి మాత్రం సూట్‌కేసులు సర్దే రోజు దాకా గుర్తుకు రాదు. రెండుసార్లు ఆ దారిన వెళ్ళివచ్చిన అనుభవంతో, ఈ ప్రశ్నను తేల్చవలసింది లగేజీయేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ప్రశ్నలో రెండు దారులే కనిపిస్తున్నా నిజానికి ఉన్నవి మూడు. గన్నవరం నుంచి అమెరికా ఊరి దాకా ఒకే టికెట్ తీసుకోవడం మొదటిది. గన్నవరం నుంచి ఢిల్లీకో ముంబయికో ఒక టికెట్, అక్కడి నుంచి అమెరికాకు ఇంకొక టికెట్ విడివిడిగా కొనడం రెండవది. రోడ్డు మీద శంషాబాద్ చేరి అక్కడ అంతర్జాతీయ విమానం ఎక్కడం మూడవది. మొదటి రెండింటిలోనూ ఎక్కేది గన్నవరంలోనే, ఒక్కొక్కసారి అవే విమానాలు కూడా కావచ్చు. కనుక చాలామంది వాటిని ఒకటిగానే భావించి ఏది చవకగా దొరికితే అది కొంటారు. నష్టపోయేది సరిగ్గా అక్కడే.

అమెరికా వెళ్ళే ఎకానమీ ప్రయాణికుడికి చాలా ఎయిర్‌లైన్స్ 23 కిలోల చొప్పున రెండు సూట్‌కేసులను ఉచితంగా అనుమతిస్తాయి. కొన్ని చవక టికెట్లపై ఒక్కదానికే అనుమతి ఉంటుంది కాబట్టి డబ్బు కట్టే ముందే చూసుకోవాలి. దేశం లోపల తిరిగే విమానాల్లో సాధారణ టికెట్ మీద దొరికేది 15 కిలోలు మాత్రమే, అందులోనూ కొన్ని ఎయిర్‌లైన్స్ ఆ బరువంతా ఒక్క సూట్‌కేసులోనే ఉండాలంటాయి. భార్యాభర్తలిద్దరూ బయలుదేరారనుకుంటే అమెరికా టికెట్ మీద 92 కిలోలు తీసుకువెళ్ళవచ్చు, విడిగా కొన్న దేశీయ టికెట్ మీద 30 కిలోలకు మించి వీలుపడదు. మిగిలిన 62 కిలోలకు గన్నవరం కౌంటరులో కిలోకు అయిదు వందల రూపాయలే పడుతుందనుకున్నా 31,000 రూపాయలవుతుంది. ఈ మధ్య ఆ రేటు అంతకంటే ఎక్కువగానే ఉంటోంది.

ఈ లెక్క నాకు మొదటి ప్రయాణంలోనే అనుభవానికి వచ్చింది. చికాగోలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి నేనూ మా ఆవిడా బయలుదేరినప్పుడు, ఢిల్లీ నుంచి చికాగోకు ఒక టికెట్, గన్నవరం నుంచి ఢిల్లీకి మరొక ఎయిర్‌లైన్ వారి టికెట్ విడిగా తీసుకున్నాము. అలా తీసుకోవడం వల్ల ఇద్దరికీ కలిపి తొమ్మిది వేలు మిగిలాయని సంతోషించాము. గన్నవరంలో నాలుగు సూట్‌కేసులు తూకం మీద పెడితే 88 కిలోలు వచ్చాయి. కౌంటరులోని అమ్మాయి ఎంతో మర్యాదగా, "సార్, మా టికెట్ మీద మీకు 30 కిలోలే ఉన్నాయి, మిగిలిన 58 కిలోలకు డబ్బు కట్టాలి" అని చెప్పింది. ఢిల్లీ నుంచి వెళ్ళే టికెట్ చూపించాను గానీ, అది వేరే కంపెనీ టికెట్ కాబట్టి తమకు దానితో సంబంధం లేదన్నారు. నియమం ప్రకారం ఆ అమ్మాయి చెప్పినదే సరైనది. 22 కిలోల సూట్‌కేసును, సాగనంపడానికి వచ్చిన మా మేనల్లుడికి అప్పగించి, మిగిలిన 36 కిలోలకు దాదాపు ఇరవై వేలు కట్టాము. వెనక్కి వెళ్ళిన ఆ సూట్‌కేసులోనే గోంగూర పచ్చడి, గుంటూరు కారం, మా ఆవిడ నెల రోజులు కూర్చుని చేసిన పొడులన్నీ ఉన్నాయి. విమానం ఎక్కాక కూడా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఒకే టికెట్ అయితే ఈ పరిస్థితి రాదు. అప్పుడు గన్నవరం నుంచి ఢిల్లీ దాకా వెళ్ళే విమానం కూడా అమెరికా ప్రయాణంలో ఒక భాగంగానే లెక్కకు వస్తుంది, అమెరికాకు వర్తించే రెండు సూట్‌కేసుల పరిమితే ఆ చిన్న విమానానికీ వర్తిస్తుంది. అమెరికా ప్రభుత్వ నియమం కూడా ఇందుకు బలాన్నిస్తుంది. అమెరికాలో మొదలయ్యే లేదా అక్కడ ముగిసే టికెట్టయితే, ప్రయాణం ఆరంభంలో ఏ లగేజీ పరిమితి, ఏ రుసుములు వర్తించాయో మధ్యలో ఎయిర్‌లైన్ మారినా టికెట్ చివరి దాకా అవే వర్తించాలన్న నియమం 2012 నుంచి అమలులో ఉంది. ఇంకొక లాభం కూడా ఉంది. మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోతే, ఒకే టికెట్ ఉన్నవారిని తరువాతి విమానంలో పంపే బాధ్యత ఎయిర్‌లైన్ మీదే ఉంటుంది. విడి టికెట్లు కొన్నవారు రెండవ టికెట్ డబ్బు మీద ఆశ వదులుకోవలసిందే.

అయితే ఒకేసారి డబ్బు కట్టినంత మాత్రాన అది ఒకే టికెట్ అయిపోదు. కొన్ని వెబ్‌సైట్లు రెండు కంపెనీల టికెట్లను తామే జోడించి ఒకే ధర చూపిస్తాయి. వచ్చిన టికెట్ విప్పి చూస్తే రెండు వేర్వేరు పీఎన్ఆర్ నంబర్లు, రెండు వేర్వేరు టికెట్ నంబర్లు ఉంటాయి. అందువల్ల ప్రతి విమానం వివరాల పక్కన లగేజీ అని ఉండే గడిని తప్పక చదవాలి. గన్నవరం–ఢిల్లీ వరుసలోనూ, ఢిల్లీ–అమెరికా వరుసలోనూ "2 పీసీ", అంటే రెండు సూట్‌కేసులు, అని ఉంటే నిశ్చింతగా సర్దుకోవచ్చు. మొదటి వరుసలో "15 కె", అంటే 15 కిలోలు, అని ఉండి రెండవ వరుసలో "2 పీసీ" అని ఉందంటే అవి పేరుకు మాత్రమే కలిసి ఉన్న టికెట్లు. ఏజెంటు ద్వారా కొనేవారు నోటిమాటతో సరిపెట్టుకోకుండా ఆ గడిని ఆయన చేత చూపించుకోవాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన వాటిలో ముఖ్యమైనది ఇదే.

ఇక శంషాబాద్ దారి. లగేజీ వరకే చూస్తే ఇందులో ఏ లోపమూ లేదు. దేశీయ విమానమే ఎక్కము గనుక 15 కిలోల బెడద ఉండదు. దుబాయ్, దోహా, అబుధాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌ల మీదుగా వెళ్ళే విమానాలు అక్కడి నుంచి నేరుగా దొరుకుతాయి, టికెట్ ధర కూడా గన్నవరం నుంచి తీసుకునే ఒకే టికెట్ కంటే తక్కువగా ఉండే సందర్భాలున్నాయి. కానీ 92 కిలోల లగేజీని అక్కడికి చేర్చాలి కదా. విజయవాడ నుంచి హైదరాబాద్ దాదాపు 275 కిలోమీటర్లు. కీసర, చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్లు దాటి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరేసరికి అయిదారు గంటలు పడుతుంది. గుంటూరు నుంచి వెళ్ళేవారిలో కొందరు పిడుగురాళ్ళ, మిర్యాలగూడల మీదుగా వెళ్ళి నార్కట్‌పల్లి దగ్గర హైవేలో కలుస్తారు. నాలుగు పెద్ద సూట్‌కేసులు, రెండు చేతి బ్యాగులు, మనుషులు కలిసి చిన్న కారులో పట్టరు. పెద్ద బండి మాట్లాడుకుంటే బాడుగ రానూపోనూ కట్టాలి. తిరిగి వచ్చేటప్పుడు ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసిన వృద్ధులను అర్ధరాత్రి వేళ మళ్ళీ అయిదు గంటలు కారులో కూర్చోబెట్టడం నాకు మనస్కరించదు. సంక్రాంతి రోజుల్లో పంతంగి దగ్గర వాహనాల బారు చూసినవారికి విమానం అందుతుందన్న ధైర్యం కూడా ఉండదు. పిల్లలో బంధువులో హైదరాబాద్‌లో ఉండి, రెండు రోజులు ముందే వెళ్ళి వారింట్లో ఉండి బయలుదేరే వీలున్నవారికి మాత్రం ఇది మంచి దారే.

కాబట్టి ధరలు పోల్చేటప్పుడు టికెట్ అంకెలు మాత్రమే పక్కపక్కన పెట్టి చూడకూడదు. శంషాబాద్ టికెట్‌కు రెండు వైపులా బండి బాడుగ, టోలు కలపాలి. విడి టికెట్లకు అదనపు లగేజీ రుసుము కలపాలి. ఆ రుసుమును కౌంటరు దాకా ఆగకుండా ముందే ఆన్‌లైన్‌లో కడితే కొంత తగ్గుతుంది గానీ, 62 కిలోల వ్యత్యాసానికి అదీ పెద్ద మొత్తమే అవుతుంది. నేను చూసినంత వరకు ఇవన్నీ కలిపాక గన్నవరం ఒకే టికెట్ ఖరీదైనదిగా కనిపించడం అరుదు.

ఒకే టికెట్ ఉన్నవారు కూడా 23 కిలోల నియమాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. ఇది మొత్తం బరువు లెక్క కాదు, సూట్‌కేసుల లెక్క. ఒక సూట్‌కేసు 18 కిలోలుండి మరొకటి 26 కిలోలుంటే, రెండూ కలిపి 46 లోపే ఉన్నాయి కదా అని వాదించడానికి వీలు లేదు, ఆ 26 కిలోల దానికి అధిక బరువు రుసుము పడుతుంది. 32 కిలోలు దాటిన దాన్ని చాలా ఎయిర్‌లైన్స్ డబ్బు కట్టినా తీసుకోవు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. గట్టి పెంకు ఉన్న పెద్ద సూట్‌కేసు ఖాళీగానే నాలుగైదు కిలోలుంటుంది కాబట్టి కొనేటప్పుడే తూకం వేయించుకోవడం మంచిది. ఎండుకొబ్బరిని మన దేశంలో విమాన లగేజీలో పెట్టనివ్వరు, పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి, మాంసం పచ్చళ్ళను, పచ్చి కరివేపాకును అమెరికా కస్టమ్స్ వారు రానివ్వరు. తూకం సరిపోయిన సూట్‌కేసును కూడా విప్పవలసి రావడానికి తరచుగా ఇవే కారణం.

పచ్చళ్ళు కొరియర్‌లో పంపి తేలికగా వెళ్ళవచ్చు కదా అని అడిగేవారూ ఉన్నారు. 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తివేసింది. అంతకు ముందు కూడా, 23 కిలోల సూట్‌కేసులు రెండు ఉచితంగా తీసుకువెళ్ళే హక్కు ఉండగా కిలోల లెక్కన డబ్బు కట్టి పంపడంలో లాభం కనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో ఒక జాగ్రత్త అవసరం. ఒకే టికెట్ అయినా సాధారణంగా ఢిల్లీలో సూట్‌కేసులు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ దేశీయ విమానానికి అప్పగించాలి. ఎవరైనా మిమ్మల్ని అక్కడ 15 కిలోలని ఆపితే టికెట్‌లోని ఆ లగేజీ గడి చూపించాలి. అందుకే టికెట్ కాగితం మీద అచ్చు వేయించి చేతి బ్యాగులో ఉంచుకోవాలి.

రెండవసారి మేము గన్నవరం నుంచి చికాగోకు ఒకే టికెట్ తీసుకున్నాము. ముందు రోజు రాత్రి చేతి త్రాసుతో తూచినప్పుడు నాలుగు సూట్‌కేసులూ 22 కిలోల దగ్గర ఉన్నాయి. కౌంటరులో ఒక్క రూపాయి అడగలేదు, నాలుగింటికీ చికాగో ట్యాగులు వేసి లోపలికి పంపారు. ఆ నాలుగింటిలో ఒకటి వెనకటి ప్రయాణంలో మేనల్లుడి వెంట ఇంటికి తిరిగి వెళ్ళినదే, ఈసారి అందులోని గోంగూర పచ్చడి మా అమ్మాయి వంటింటికి చేరింది.