ఇంగ్లండ్, ఫ్రాన్స్, రష్యా: ఏ విప్లవం మేలు?

ఇంగ్లండ్ రాజు మొదటి చార్లెస్ పదకొండేళ్లు పార్లమెంటును పిలవకుండా నెట్టుకొచ్చాడు. స్కాట్లండ్‌తో యుద్ధానికి డబ్బు చాలక 1640లో పిలవక తప్పలేదు. ఫ్రాన్స్‌లో పదహారో లూయీదీ అదే గతి. అమెరికా యుద్ధానికి చేసిన అప్పులు మెడకు చుట్టుకుంటే, 1614 తర్వాత ఎన్నడూ కూడని ఎస్టేట్స్ జనరల్‌ను (మతాధికారులు, ప్రభువులు, సామాన్యుల ప్రతినిధుల సభను) 1789 మేలో కూర్చోబెట్టాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇద్దరి తలలూ తెగాయి, ఒకరిది 1649లో, ఇంకొకరిది 1793లో. రష్యాలో మాత్రం జార్ ఎవరినీ పిలవలేదు. 1917 మార్చి 8న పెట్రోగ్రాడ్‌లో ఆడకూలీలు రొట్టె కోసం వీధికెక్కారు, వారం తిరిగేసరికి ఆయన గద్దె దిగాడు.

ఆ తర్వాతి వరస మనకు పాఠాల్లో తెలిసిందే. ముందు మితవాదులు, వాళ్లను తోసేసి అతివాదులు, రక్తపాతం, చివరికి ఒక బలవంతుడు. మూడు చోట్లా ఈ మెట్లు కనిపిస్తాయి. కానీ మితవాదుల మెట్టు మీద ఏ దేశం ఎంతకాలం నిలబడిందో చూస్తే, మిగిలింది ఏమిటో చాలావరకు అర్థమవుతుందని నాకనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో ఎనిమిదేళ్లు. 1641లోనే పార్లమెంటు, రాజు తన విరోధుల్ని శిక్షించడానికి వాడుకున్న స్టార్ చాంబర్ కోర్టును రద్దు చేసింది, తన అనుమతి లేని ఓడ పన్ను చెల్లదంది. 1648 డిసెంబరులో పార్లమెంటు సొంత సైన్యంలోని కల్నల్ ప్రైడ్ సైనికులతో సభ గుమ్మం దగ్గర నిలబడి, రాజుతో రాజీ కోరే సభ్యుల్ని లోపలికి రానివ్వలేదు. అక్కడితో వాళ్ల ఆట ముగిసింది. అయినా 1660లో రాజరికం తిరిగొచ్చినప్పుడు స్టార్ చాంబర్ తిరిగి రాలేదు.

ఫ్రాన్స్‌లో రాజ్యాంగబద్ధ రాజరికం కోరినవాళ్లకు దొరికింది మూడేళ్లు, 1792 ఆగస్టు దాకా. జార్ దిగాక వచ్చిన రష్యా తాత్కాలిక ప్రభుత్వానికి ఎనిమిది నెలలే. అదీ అది ఎంచుకున్న దారి వల్ల. జనం ప్రపంచ యుద్ధం ఆపమంటే ఆ ప్రభుత్వ నేత కెరెన్‌స్కీ వేసవిలో కొత్త దాడికి దిగి దెబ్బతిన్నాడు. రైతులు భూమి అడిగితే రాజ్యాంగ సభ తేలుస్తుందన్నారు. తీరా 1918 జనవరిలో కూడిన ఆ సభను, అప్పటికే గద్దెనెక్కిన లెనిన్ పార్టీ బోల్షివిక్కులు ఒక్క సమావేశంతో మూసేశారు.

బలవంతుల్లోనూ తేడా ఉంది. ఇంగ్లండ్‌లో సేనాని క్రామ్‌వెల్ (1653), ఫ్రాన్స్‌లో నెపోలియన్ (1799) సైన్యంతో వచ్చి చట్టసభలను ఖాళీ చేయించారు. స్టాలిన్ ఎదిగింది యుద్ధరంగంలో కాదు, 1922లో దక్కిన పార్టీ ప్రధాన కార్యదర్శి కుర్చీలో. పైకి గుమాస్తా పనిలా కనిపించే ఆ పదవికి పార్టీలో ఆయన ప్రధాన ప్రత్యర్థి ట్రాట్‌స్కీ లాంటివాడు కూడా భయపడాల్సినంత భయపడలేదు.

రక్తపాతం దగ్గరికి వచ్చేసరికి ఈ మెట్ల లెక్క రష్యాకు సరిపోదు. ఫ్రాన్స్‌లో సుమారు 17,000 మరణశిక్షల తర్వాత, 1794 జూలైలో అతివాదుల నేత రోబెస్పియర్ తలతోనే ఆ ఘట్టం ముగిసింది. రష్యాలో 1921లో కాస్త ఊపిరి పీల్చుకున్నారు గానీ, అసలు ఊచకోత 1937–38లో, విప్లవం జరిగిన ఇరవై ఏళ్లకు. ఇంగ్లండ్‌లో గిలటిన్ లేదని మురిసిపోనక్కర్లేదు. 1649లో ఐర్లండ్‌లోని డ్రోగెడా పట్టణంలో క్రామ్‌వెల్ సైన్యం చేసిన ఊచకోతను ఐరిష్ జనం ఇప్పటికీ తలచుకుంటారు.

మరి ఏది మేలు? రాజుకు పగ్గం వేయడమే కొలత అయితే నా ఓటు ఇంగ్లండ్‌కే. కానీ అక్కడ పొలంలో పనిచేసేవాడికి ఒరిగింది తక్కువ. 1647లో పార్లమెంటు సైన్యంలో జరిగిన పట్నీ చర్చల్లో సామాన్యులకు ఓటు అడిగిన లెవెలర్లనే వర్గానికి చివరికి మొండిచెయ్యే చూపారు. రష్యా రైతు చేతికొచ్చిన భూమి 1929 తర్వాత సమష్టి క్షేత్రాల్లోకి పోయింది. రైతు వైపు నుంచి చూస్తే ఫ్రాన్సే మెరుగు. 1814లో రాజవంశం తిరిగొచ్చినా జమీందారీ పన్నులు రాలేదు.

నా లెక్క తప్పేదీ ఇక్కడే. 1789 ఆగస్టులో ఆ పన్నులు రద్దయ్యాయని ఆర్భాటంగా చెప్పిన మితవాదులు, వాటిలో చాలావాటికి రైతు పరిహారం కట్టాలని మెలిక పెట్టారు. పైసా కట్టనక్కర్లేదని 1793 జూలైలో తేల్చింది అతివాదులైన జాకోబిన్ల చేతిలోకి వచ్చిన సభ.