హైదరాబాద్‌లో పెట్ క్లినిక్‌లు: ఏ రోగానికి ఏ గుమ్మం

హైదరాబాద్‌లో ఒక క్లినిక్ పనితనం తెలుసుకోవాలంటే అక్కడ టిక్ ఫీవర్‌ను, అంటే గోమార్లు కుట్టడం వల్ల కుక్కలకు వచ్చే జ్వరాన్ని, ఎలా పట్టుకుంటున్నారో చూస్తే చాలు. గూగుల్ స్టార్లు, రిసెప్షన్‌లో ఏసీ, గోడ మీద లాబ్రడార్ పోస్టర్లు దీని ముందు లెక్కలోకి రావు. ఈ ఊళ్లో గోమార్లు ఏడాది పొడవునా ఉంటాయి. ఎండాకాలం, వానాకాలం ఎక్కువ, చలికాలంలోనూ పూర్తిగా పోవు. పార్కింగ్ గోడ పగుళ్లలో, గేటు సందుల్లో గుడ్లు పెడతాయి కాబట్టి అపార్ట్‌మెంట్ కుక్కలకూ తప్పదు. కుక్క తిండి మానేసి, ఒళ్లు కాలిపోతూ, మూలన పడుకుంటే సగం సార్లు అనుమానం దీని మీదికే పోవాలి.

పని తెలిసిన డాక్టరు ముందు థర్మామీటరు పెట్టి చూస్తారు. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, కాబట్టి చెయ్యి పెట్టి చూసి జ్వరమనడం కుదరదు. తర్వాత చిగుళ్లు పాలిపోయాయా, పొట్ట మీద ఎర్ర చుక్కలున్నాయా, దవడ కింద గ్రంథులు ఉబ్బాయా అని వెతుకుతారు. ఊదారంగు మూత ట్యూబులో రక్తం తీసి సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, చేయిస్తారు. దానితోపాటు చెవి అంచున సన్నగా గుచ్చి, వచ్చిన చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద చూస్తారు. టిక్ ఫీవర్ తెచ్చే క్రిముల్లో ఒకటైన బబేసియా చెవి అంచు రక్తంలో దొరికే అవకాశం ఎక్కువ. స్మియర్ అనే ఈ పనికి అరగంట పడుతుంది. ఇది క్లినిక్‌లోనే జరుగుతోందా, రక్తం బయటి ల్యాబ్‌కు వెళ్లి మర్నాడు రిపోర్టు వస్తోందా అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న.

మెషిన్ ఇచ్చిన ప్లేట్‌లెట్ అంకె ఒక్కటే చూసి భయపడొద్దు, భయపెట్టనీయొద్దు కూడా. కుక్కల్లో ప్లేట్‌లెట్లు రెండు లక్షలు, ఆపైన ఉండటం మామూలు. ఎర్లీకియా అనే ఇంకో టిక్ ఫీవర్ క్రిమి పట్టుకుంటే లక్షకు దిగువకు పడిపోవచ్చు. కానీ రక్తం తీసేటప్పుడు ఆలస్యమైతే ప్లేట్‌లెట్లు గుంపులు కట్టుకుంటాయి, మెషిన్ వాటిని లెక్కపెట్టలేక తక్కువ చూపిస్తుంది. పిల్లుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. అందుకే స్మియర్‌లో కంటితో చూసి సరిచూడాలి. ‘ప్లేట్‌లెట్లు ముప్పై వేలే, వెంటనే అడ్మిట్ చేయండి’ అన్నచోట ‘స్మియర్‌లో చూశారా డాక్టర్ గారూ’ అని అడగడంలో తప్పేమీ లేదు. స్మియర్‌లో క్రిమి కనపడనంత మాత్రాన జబ్బు లేదని కాదు, అనుమానం గట్టిగా ఉంటే క్రిమి జన్యువును వెతికే పీసీఆర్ పరీక్షకు పంపుతారు.

మందు క్రిమిని బట్టి మారుతుంది, సగం క్లినిక్‌లు జారేది ఇక్కడే. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాలి, తిండి తిన్నాకే ఇవ్వాలి, లేకుంటే కక్కేస్తుంది. అయిదో రోజు కుక్క తోక ఊపుతూ అన్నం తినగానే ఇంటివాళ్లు ఆపేస్తారు, అది తిరగబెడుతుంది. బబేసియాలో పెద్దరకానికి ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ పనిచేస్తుంది. నొప్పి, చొంగ, వాంతులు ఉంటాయని ముందే ఆట్రోపిన్ ఇస్తారు. గిబ్సోని అనే చిన్నరకానికి ఇమిడోకార్బ్ సరిపోదు, అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి పది రోజులు ఇవ్వాల్సి ఉంటుంది, అది ఖరీదైన కోర్సు. ఏ రకమో తేల్చకుండా అన్నిటికీ ఒకటే సూది పొడిచే చోట ఈ తేడా తెలియదు.

ఇంకో రకం క్లినిక్ ఉంటుంది. పరీక్ష లేదు, జబ్బు పేరు లేదు, మూడు సూదులు వేస్తారు. వాటిలో ఒకటి స్టెరాయిడ్. మర్నాటికి జ్వరం దిగి, ఆకలి పుట్టి, కుక్క లేచి కూర్చుంటుంది. ‘చెయ్యి మంచిది’ అని డాక్టరుకు పేరొస్తుంది. లోపల క్రిమి అలాగే ఉంటుంది, వారం పది రోజులకు చిగుళ్లు తెల్లబడి మళ్లీ వస్తుంది. స్టెరాయిడ్ నిజంగా కావాల్సిన సందర్భాలు ఉన్నాయి, రోగనిరోధక శక్తే సొంత రక్తకణాలను తినేస్తున్నప్పుడు అది తప్పదు. అయితే ఏం వేశారో, ఎందుకు వేశారో చీటీ మీద రాయాలి. చీటీలో మందు పేరు, మోతాదు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు లేకుంటే ఆ గుమ్మం మళ్లీ తొక్కొద్దు. 1984 నాటి వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టరే వైద్యం చేయాలి. అసిస్టెంట్‌గా పదేళ్లు పనిచేసినవాళ్లు షట్టర్ తెరిచి కూర్చోవడం కొన్ని పేటల్లో ఉంది.

ఇంటి దగ్గర ఒక్క షట్టర్ క్లినిక్‌ను తక్కువ చేయక్కర్లేదు. టీకాలు, నట్టల మందు, చెవి చీము, చర్మం దురద, గోళ్లు, చిన్న గాయాలకు అదే మేలు. డాక్టరు మీ జంతువును ఏళ్లుగా చూస్తుంటారు, దాని బరువు ఎప్పుడు తగ్గిందో వాళ్లకు తెలుస్తుంది. అక్కడ చూడాల్సింది ఫ్రిజ్. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. డోర్‌లో పెట్టకూడదు, ఫ్రీజర్‌లో గడ్డకట్టకూడదు, గడ్డకడితే రేబిస్ టీకా పాడైపోతుంది. ఫ్రిజ్‌లో టీకాల పక్కన టిఫిన్ డబ్బా, పెరుగు గిన్నె ఉన్నాయంటే రోజుకు ఎన్నిసార్లు తలుపు తెరుస్తున్నారో ఊహించుకోవచ్చు. కరెంటు పోతే ఇన్వర్టర్ ఫ్రిజ్‌కు కలిపి ఉందా అని కూడా అడగండి. ఇంటికొచ్చి టీకా వేసేవాళ్లు ఐస్ ప్యాక్‌లున్న డబ్బాలో తేవాలి. మే నెల ఎండలో స్కూటీ డిక్కీలోంచి తీసిన సీసా వద్దనండి.

కుక్కపిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి డోసు పడితే, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారు వారాలు నిండేదాకా ఇవ్వాలి. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ అప్పటిదాకా టీకాకు అడ్డుపడుతుంది. పది వారాలకే ‘కోర్సు అయిపోయింది’ అన్నవాళ్లను నమ్మొద్దు, పార్వో అనే ప్రమాదకర వైరస్ జబ్బు వచ్చే పిల్లల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. రేబిస్ మూడో నెలలో, ఆపై ఏటా. మన గచ్చిబౌలిలోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ వాళ్ల రక్షరాబ్ అయినా, విదేశీ కంపెనీదైనా పర్వాలేదు, నిల్వ బాగుంటే చాలు. పొడి సీసాలో ద్రవం మీ ఎదుటే కలపాలి, సీసా మీది స్టిక్కర్ పీకి పుస్తకంలో అంటించాలి. వేసే ముందు జ్వరం చూడకపోతే మీరే గుర్తుచేయండి.

జూబ్లీహిల్స్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు, సికింద్రాబాద్‌లో కొన్నిచోట్ల పెద్ద ప్రైవేటు ఆసుపత్రులు వచ్చాయి. డిజిటల్ ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, లోపలే ల్యాబ్, ఐసోలేషన్ గది ఉంటాయి. ఆపరేషన్‌కు, రాత్రి సెలైన్ ఎక్కించాల్సిన పార్వో పిల్లకు ఇవే దిక్కు. కానీ మెషిన్ ఉండటం వేరు, చదివేవాళ్లు ఉండటం వేరు. స్కానింగ్ చేసే డాక్టరు రోజూ ఉంటారా, వారానికి రెండుసార్లు వచ్చిపోతారా అని అడగాలి. కన్సల్టేషన్ ఫీజు తక్కువ అనిపించినా బిల్లు బెడ్ చార్జీలో, క్యాన్యులాలో, ఒక్కో సూదికి విడిగా పెరుగుతుంది. అడ్మిట్ చేసే ముందే రోజుకు ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. పార్వో కేసును మామూలు కుక్కల మధ్య కూర్చోబెట్టే చోటు ఎంత ఖరీదైనదైనా వదిలేయాలి. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచ్ కావాలి. ముందు గదంతా డాగ్ ఫుడ్ ర్యాకులతో నిండిపోయి, చూసే గది అగ్గిపెట్టెంత ఉంటే ఆ వ్యాపారం దేని మీద నడుస్తోందో తెలిసిపోతుంది.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు రేటు అడిగే ముందు మత్తు గురించి అడగండి. కొన్నిచోట్ల జైలజిన్, కెటమిన్ సూది ఇచ్చి, గొంతులో గొట్టం వేయకుండానే కోసేస్తారు. చకచకా పూర్తయ్యే మగకుక్క ఆపరేషన్‌లో ఇది గట్టెక్కుతుందేమో గానీ, గర్భసంచి తీసేటప్పుడు, పగ్, షిట్జు, పర్షియన్ పిల్లి లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో ఊపిరి ఆడకపోయే ప్రమాదం ఉంది. గొంతులో ట్యూబు, ఐసోఫ్లూరేన్ అనే మత్తు వాయువు, పల్స్ ఆక్సిమీటర్, చేతికి క్యాన్యులా ఉండాలి. కోసేవాళ్లు కాక మత్తును చూసే మనిషి వేరుగా ఉండాలి. ముందు రక్తపరీక్ష చేయని ఆపరేషన్ వద్దు, ఎందుకంటే దాగి ఉన్న ఎర్లీకియాతో ప్లేట్‌లెట్లు తక్కువున్న కుక్క టేబుల్ మీదే రక్తం కారుస్తుంది. పెద్ద కుక్కకు ముందురోజు రాత్రి తర్వాత తిండి ఆపాలి. నెలల పిల్లలకు అంతసేపు పస్తు వద్దు, ఎన్ని గంటలో డాక్టరును అడగండి.

నారాయణగూడలోని సర్కారు సూపర్ స్పెషాలిటీ పశువుల ఆసుపత్రి గురించి చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు ‘సర్కారు దవాఖానా’ అని వెనకాడతారు. మా లెక్కలో పగటిపూట కేసులకు, డబ్బు చూసుకోవాల్సిన ఇళ్లకు ముందు వెళ్లాల్సింది అక్కడికే. ఖర్చు నామమాత్రం. ఇబ్బందల్లా రద్దీ, మందులు కొన్ని బయట కొనాల్సి రావడం. పొద్దున్నే, పాత చీటీలన్నీ పట్టుకుని వెళ్లాలి. ఏటా జూలై 6న, జూనోసిస్ దినం రోజు, సర్కారు పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, ఆ రోజు క్యూ పొడవు మామూలుగా ఉండదు.

రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు వెటర్నరీ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీ ఆసుపత్రి ఇంకో దారి. విరిగిన తొడ ఎముక, కారణం తేలని కుంటు, నెలల తరబడి తగ్గని చర్మవ్యాధి, గేదె ఈనలేకపోవడం లాంటివి అక్కడ చూపించడం మంచిది. సర్జరీ, మెడిసిన్, గైనకాలజీ విభాగాలు వేర్వేరుగా ఉంటాయి. విద్యార్థులు ముందు చూస్తారు, తర్వాత ప్రొఫెసర్ చూస్తారు, ఒకటే కథ రెండుసార్లు చెప్పాలి. పూట పోతుంది, ఓపిక కావాలి. ఎల్బీనగర్, ఉప్పల్ వైపు నుంచి అయితే దూరమే, మెహదీపట్నం వాళ్లకు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగితే దగ్గర. శివారులో గేదెలు, మేకలు ఉన్నవాళ్లు 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

వీధికుక్కకు బండి తగిలితే ప్రైవేటు బిల్లు మీ మీద పడకముందు 1992లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్‌ను సంప్రదించవచ్చు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కు జీహెచ్‌ఎంసీ తీసుకెళ్తుంది. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నియమాల ప్రకారం సాధారణంగా పట్టుకున్న చోటే తిరిగి వదలాలి.

‘24 గంటలు’ బోర్డు విషయంలో మొహమాటం వద్దు. ఏ అవసరమూ లేని ఒక రాత్రి ఒంటి గంటకు ఫోన్ చేసి ‘ఇప్పుడు డాక్టరు లోపల ఉన్నారా, ఫోన్ చేస్తే వస్తారా’ అని అడగండి. చాలాచోట్ల రాత్రి ఉండేది అటెండరే. మగపిల్లికి మూత్రం ఆగిపోవడం, పెద్దజాతి కుక్క పొట్ట ఒక్కసారిగా ఉబ్బి ఊరికే ఓకరించడం, వడదెబ్బ, పాముకాటు తెల్లారేదాకా ఆగేవి కావు. మూత్రం ఆగిన పిల్లి రెండు మూడు రోజుల్లో చనిపోవచ్చు. మణికొండ, నార్సింగి, కొంపల్లి వైపు రాళ్లగుట్టల పక్కన ఉండేవాళ్లు యాంటీవెనమ్ నిల్వ ఉందా అని కూడా కనుక్కోవాలి. దూరాన్ని కిలోమీటర్లలో లెక్కేయొద్దు, కూకట్‌పల్లి నుంచి సాయంత్రం ఏడుకు ఎంతసేపు పడుతుందో చూడండి. వడదెబ్బ అయితే బయల్దేరే ముందే మామూలు నీళ్లతో తడిపి, కారులో ఏసీ వేసి తీసుకెళ్లాలి, ఐసు నీళ్లు వద్దు.

పిల్లులున్నవాళ్లు కుక్కల మధ్య కూర్చోబెట్టని క్లినిక్ చూసుకోవాలి. పైమూత ఊడే బుట్టలో తీసుకెళ్తే లోపల ఉంచే చూడొచ్చు, లాగి బయటపడేసే డాక్టరుకు పిల్లుల అలవాటు లేనట్టే. డాక్సీసైక్లిన్ మాత్ర పిల్లికి వేశాక అయిదారు మిల్లీలీటర్ల నీళ్లు తాగించమని చెప్పారా అన్నది చూడండి, తాగించకపోతే మాత్ర గొంతులో అంటుకుని పుండు చేయవచ్చు. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు, కుక్కల గోమార్ల మందులో పెర్మెత్రిన్ ఉంటే అదీ అంతే.

చిలుకలు, కుందేళ్లకు మాత్రం పక్కవీధి క్లినిక్ వద్దు, వాటిని చూస్తారా అని ముందే ఫోన్ చేసి వెళ్లాలి. నక్షత్ర తాబేలును అయితే ఎక్కడికీ తీసుకెళ్లే పని లేదు, దాన్ని ఇంట్లో పెట్టుకోవడమే వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. అటవీశాఖకు అప్పగించాల్సిందే.