విల్లా, క్రాస్‌బోనా: జింకల వేటలో తెగని తగువు

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తెల్లతోక జింకల వేటకు తుపాకుల కంటే ముందే విల్లంబుల సీజన్ మొదలవుతుంది. ఆ సీజన్‌లో క్రాస్‌బోను, అంటే తుపాకి కర్రలాంటి దానికి అడ్డంగా బిగించిన విల్లును, రానివ్వాలా వద్దా అన్నదే గొడవ.

అసలు తేడా ఒక్క క్షణంలో ఉంది. విల్లు పట్టినవాడు జింక 20 గజాల దూరానికి వచ్చాక, దాని కంటపడకుండా నారి లాగాలి. మోచేయి కాస్త కదిలిందా, తోక ఎత్తి మాయం! క్రాస్‌బోకు ఆ తిప్పలు లేవు. నారి ముందే బిగించి ఉంటుంది. తుపాకిలా భుజానికి ఆనించి, గురి చూసి, మీట నొక్కడమే. నెలల తరబడి సాధన అక్కర్లేదు. భుజం నొప్పి ఉన్నవారికీ, వయసు మళ్లినవారికీ వరమే. కాకపోతే బరువెక్కువ. గురి తప్పితే మళ్లీ బిగించేలోపు జింక అక్కడ ఉండదు.

‘అది విల్లే కాదు’ అనేవారిలో చాలామంది చేతుల్లో ఉన్నది కప్పీల కాంపౌండ్ విల్లు. 1969లో పేటెంటు పొందిన ఆ సాధనంలో నేటి రకాలు, 60 పౌండ్ల లాగుడును, నారి పూర్తిగా లాగేసరికి, 12 పౌండ్లకు దించేస్తాయి. దాన్నీ ఒకప్పుడు ఇలాగే తిట్టారు.

పెన్సిల్వేనియా 2009లో క్రాస్‌బోను విల్లు సీజన్‌లోకే రానిచ్చింది. విస్కాన్సిన్ 2014లో దానికి వేరే లైసెన్సు పెట్టింది. నాకు రెండోదే నచ్చింది. ఎవరు దేనితో ఎన్ని జింకలను కొట్టారో విడివిడిగా లెక్క తేలుతుంది.