కొయ్య పెన్నులో పొదగడానికి ఏ రాయి మేలు: గెలాక్సీనా, పలకరాయా, మలకైటా?

ఒంగోలు వైపు ఎవరైనా లేత్ మీద కొయ్య పెన్నులు తిప్పుతూ, దాంట్లో రాయి పొదుగుదామని అనగానే పక్కవాళ్లు చెప్పే మొదటి పేరు చీమకుర్తి గెలాక్సీ. నల్లటి రాయి, లోపల బంగారు మెరుపులు, మనకు దగ్గరలో దొరికే సరుకు. అయినా పెన్ను చుట్టూ తీసిన గాడిలో దంచి నింపడానికి నేను దాన్ని చివరన పెడతాను.

ఆ మెరుపంతా రాయిలో అక్కడక్కడా ఉండే బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులది. వంటగది గట్టంత పలక మీద అవి కనువిందు చేస్తాయి. రెండు మూడు మిల్లీమీటర్ల గాడిలో ఎన్ని పడతాయి? పైగా దంచిన నల్లరాయి బూడిద రంగుకు తిరుగుతుంది. జిగురు తగిలాక కాస్త నలుపు తేలుతుంది గానీ, పలక మీద చూసిన అందం మాత్రం రాదు. అసలు చిక్కు గట్టితనం. రాళ్ల గట్టితనం చెప్పే మోస్ కొలతలో (అతి మెత్తటిది 1, వజ్రం 10) ఇది దాదాపు 6. ఉలి మెత్తటి కొయ్య మీద సాఫీగా వెళ్తూ రాయి తగలగానే అదిరిపోతుంది, అంచు మొద్దుబారుతుంది. శాండ్‌పేపర్ పెడితే కొయ్యే ముందు అరిగి, రాయి మిట్టగా మిగులుతుంది. వేలు ఆనిస్తే తెలిసిపోతుంది.

మలకైటు అంటే రాగి ఉండే ఆకుపచ్చ రాయి. మన ప్రాంతానిది కాదు, కొనాల్సిందే. కానీ కాఠిన్యం 3.5 నుంచి 4 మాత్రమే కాబట్టి ఉక్కు ఉలికి లొంగుతుంది, పొడి చేసినా ఆకుపచ్చగానే ఉంటుంది. ముందు ముతక పలుకులు గాడిలో పేర్చి, సందుల్లో మెత్తటి పొడి నింపి, పల్చటి సూపర్ గ్లూ చుక్కలుగా వేయాలి. తొందరపడి ఒక్కసారే పోస్తే వేడెక్కి తెల్లగా నురగ కడుతుంది. ముదురు రంగు కొయ్యలో ఈ పచ్చదనం బాగా తేలుతుంది. ముదురు కొయ్య కదా అని ఎర్రచందనం ముక్క కోసం వెతకొద్దు, కాగితాలు లేకపోతే అటవీశాఖతో టెన్షన్.

మార్కాపురం పలకరాయి పొడిగా పనికిరాదు, గాడిలో సిమెంటు పూసినట్టు ఉంటుంది. దాని గుణం పొరలుగా చీలడం. పల్చటి బిళ్ల తీసి, నడుమ పెన్ను లోపలి ఇత్తడి గొట్టం పట్టేంత రంధ్రం వేసి, రెండు కొయ్య ముక్కల మధ్య ఉంగరంలా అతికితే చూడముచ్చటగా ఉంటుంది. డ్రిల్లు కింద చెక్క ఆనించి మెల్లగా దించకపోతే బిళ్ల పెచ్చులూడుతుంది. గీతలు త్వరగా పడతాయి కాబట్టి పైన జిగురు పూత తప్పదు. ఉదయగిరి కొయ్య చెంచాల్లాంటి లేత రంగు కొయ్యకు ఇది నప్పుతుంది.

మాస్కు అన్నిటికీ కావాలి. మలకైటు దుమ్ములో రాగి ఉంటుంది. పలకరాయి దుమ్ములోని సిలికా ఇంకా ప్రమాదం, పలకల పనివాళ్ల ఊపిరితిత్తులను తిన్నది అదే.

మొదటి పెన్నుకైతే మలకైటు గాడి, చేయి తిరిగాక పలకరాయి ఉంగరం. గెలాక్సీయే కావాలని పట్టుబడితే దంచకండి. రాళ్లు కోసేవాళ్ల దగ్గర డైమండ్ బ్లేడుతో చిన్న బిళ్ల కోయించి, మెరుపు పలుకు మధ్యలోకి వచ్చేలా చూసుకుని, మూత కొనమీద ఎపాక్సీ జిగురుతో అతికించి ఒక రాత్రి వదిలేయండి.