గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 రివ్యూ: మావాడికి మెల్లగా పరిగెత్తడం నేర్పిన వాచ్

ఏడాదిన్నర వాడాక రాస్తున్నా. వాడింది నేను కాదు, మా అబ్బాయి, హైస్కూల్లో క్రాస్ కంట్రీ, అంటే మట్టిదారుల్లో దూరపు పరుగు, పరిగెడతాడు. మేముండేది కాలిఫోర్నియాలో, శాన్ హోసే దగ్గర. వాళ్ళ టీమ్‌లో వస్తానన్న పిల్లల్ని అందర్నీ చేర్చుకుంటారు గానీ పెద్ద రేసుల్లో వార్సిటీకి, అంటే స్కూలు మెయిన్ టీమ్‌కి, దిగేది ఏడుగురే, మిగతావాళ్ళని పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. మావాడు నైన్త్‌లో బెల్మాంట్‌లోని క్రిస్టల్ స్ప్రింగ్స్ కోర్సులో, 2.95 మైళ్ళు, అంతా దుమ్మూ ఎత్తుపల్లాలూ, 24 నిమిషాల 10 సెకన్లకి వచ్చాడు. అప్పటికి ముందొచ్చిన పిల్లలు బూట్లు మార్చుకుని నారింజ తొనలు తింటున్నారు. వాడి టైమెంతని ఎవరూ అడగలేదు. నేనూ "అయిపోయిందా నాన్నా, పద పోదాం" అన్నాను, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది నాకు.

ఆ వేసవి సెలవులకి ముందు ఈ వాచ్ కొన్నాం. 2021లో వచ్చిన మోడల్, అప్పట్లో 200 డాలర్లు. బరువు 37 గ్రాములే, పెట్టుకున్నట్టే ఉండదంటాడు. టచ్ స్క్రీన్ లేదు, ఐదు బటన్లు, చెమట చేతులతో నొక్కినా పనిచేస్తాయి. జీపీఎస్ ఆన్ చేస్తే 20 గంటలు వస్తుందని కంపెనీ మాట, మేం వారానికోసారి ఛార్జింగ్ పెడతాం అంతే.

అసలు విషయం మొదటి వారంలోనే బయటపడింది. వాడు "ఈజీ రన్" అనుకుంటున్నవి కూడా మైలు 8 నిమిషాల 20 సెకన్లలో కొడుతున్నాడు, గుండె నిమిషానికి 180 సార్లు దాటి కొట్టుకుంటోంది, అంటే రేసులో ఎంత కష్టపడతాడో రోజూ అంతే కష్టపడుతున్నాడన్నమాట, ఫ్రెండ్స్ ముందు వెనకపడితే పరువు పోతుందని. కోచ్‌కి చూపిస్తే, పక్కవాడితో కబుర్లు చెప్పగలిగేంత మెల్లగా పరిగెత్తమన్నారు. వాచ్‌లో హార్ట్ రేట్ 155 దాటితే బజ్‌మనేలా అలర్ట్ పెట్టాం. మొదటి రోజు లాస్ గాటోస్ క్రీక్ ట్రైల్ మీద మైలుకి 11 నిమిషాలు పట్టింది, చంటిపిల్ల బండి తోసుకుంటూ జాగింగ్ చేస్తున్నావిడ కూడా వాణ్ణి దాటి పోయింది. ఇంటికొచ్చి "అమ్మా, ఇట్లా అయితే నేను ఇంకా స్లో అయిపోతా" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

అయినా మానలేదు. వారానికి 12 మైళ్ళతో మొదలెట్టి మెల్లిగా పెంచుకుంటూ ఆగస్టుకి 30 చేశాడు. అదే 155 దగ్గర మైలు 9 నిమిషాల 20 సెకన్లకి వచ్చేసింది! మెల్లగా, ఎక్కువ దూరం, రోజూ పరిగెడితే గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపుతుంది, కండరాలు ఆక్సిజన్ బాగా వాడుకుంటాయి. రోజూ దమ్ముపట్టి ఉరికితే కాళ్ళు కోలుకోవు, మోకాలి కింద ముందువైపు ఎముక దగ్గర నొప్పులొచ్చి ఆపేస్తారు, నైన్త్‌లో వాడికి అదే జరిగింది. క్రెడిట్ మొత్తం వాచ్‌కిస్తే అబద్ధమవుతుంది, మేం శాకాహారులం, రక్తపరీక్షలో ఫెర్రిటిన్, అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, బాగా తక్కువుంటే డాక్టర్ ఐరన్ రాశారు. మన ఇళ్ళల్లో పరిగెత్తే పిల్లలుంటే, ముఖ్యంగా ఆడపిల్లలుంటే, అలసటని బద్ధకం అనుకోకుండా ఇది ఒకసారి డాక్టర్ని అడగండి.

లోటుపాట్లు కూడా చెప్పాలి. స్పీడ్ ఇంటర్వల్స్‌లో, అంటే కాసేపు జోరుగా ఉరికి కాసేపు తేరుకునే పరుగుల్లో, మణికట్టు దగ్గర తీసే హార్ట్ రేట్‌ని నమ్ముకోకూడదు, ఏ వాచ్‌కైనా ఉన్నదే, ఛాతీకి కట్టే స్ట్రాప్ నయం. ఎత్తు కొలిచే బారోమీటర్ లేదు, పాటలు దాచుకోడానికి లేదు. 2024లో వచ్చిన ఫోర్‌రన్నర్ 165లో బారోమీటర్ ఉంది గానీ వచ్చినప్పుడు 250 డాలర్లు, పాటలు దాచుకునే వెర్షన్ అయితే ఇంకా ఎక్కువ. హైస్కూల్ పిల్లలకి అదేం అక్కర్లేదని నా అభిప్రాయం.

టెన్త్‌లో మళ్ళీ అదే కోర్సు. 19 నిమిషాల 48 సెకన్లు! కోచ్ రెండుసార్లు అడిగారు టైమ్. సీజన్ చివర్లో లీగ్ ఫైనల్స్‌కి ఏడోవాడిగా వార్సిటీలో పెట్టారు. టీమ్ స్కోరంటే ఆ టీమ్‌లో మొదటి ఐదుగురు ఎన్నో స్థానంలో వచ్చారో ఆ అంకెల మొత్తం, కానీ ఆరో ఏడో పిల్లలు అవతలి టీమ్ వాళ్ళని దాటితే ఆ టీమ్ స్కోరు పెరుగుతుంది, స్కోరు ఎంత తక్కువైతే అంత మంచిది ఈ ఆటలో. ఆఖరి మలుపు తర్వాత మావాడు అవతలి టీమ్ నాలుగోవాణ్ణీ ఐదోవాణ్ణీ దాటాడు, వార్సిటీ పిల్లలు తాడు దగ్గర నిలబడి వాడి పేరు పెట్టి అరుస్తున్నారు. ఆ సంబరంలో వాచ్ ఆపడం మర్చిపోయాడు, ఇంకో 40 నిమిషాలు రికార్డవుతూనే ఉంది, వాళ్ళందరితో కలిసి గడ్డి మీద తిరిగినంతసేపూ. ఆ రన్ డిలీట్ చెయ్యనివ్వలేదు నేను.